క్రియాటినిన్ 1.9 ఉందని నెఫ్రాలజిస్టు దగ్గరికి పంపారంటే డయాలసిస్ దగ్గరపడినట్టేనా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నాన్నగారికి 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, బీపీకి ఒక మాత్ర వేసుకుంటున్నారు. మామూలుగా చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం, 1.9 వచ్చింది. ఫిజీషియన్ గారు నెఫ్రాలజిస్టును కలవమన్నారు. మూత్రం బాగానే వస్తోంది, స్కానింగ్‌లో రాళ్లు లేవు, నొప్పి లేదు, వాపు లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. యూరాలజిస్టుకు చూపిస్తే చాలదా, నెఫ్రాలజిస్టు అన్నారంటే డయాలసిస్ దాకా వచ్చినట్టేనా, అసలు ఈ డాక్టర్లు చేసేదేమిటి అని అడిగారు.

నేను నెఫ్రాలజీలోనే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ముందు మీరు స్థిమితపడండి. ఈ అంకె చూసి ఎవరూ డయాలసిస్ మొదలుపెట్టరు. 58 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.9 అంటే కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 40 మిల్లీలీటర్లు అని లెక్క. డయాలసిస్ అవసరం సాధారణంగా అది 10 దగ్గరికో, అంతకన్నా కిందికో దిగాక వస్తుంది. ఈ మధ్యలో ఉన్న 30ని ఎన్నేళ్లు కాపాడుకోగలం అన్నదే నెఫ్రాలజిస్టు పనిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఆ 30 కూడా పోయాక, ఆయాసంతో, ఒళ్లంతా వాపులతో మొదటిసారి మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లకు మేం చేయగలిగింది తక్కువ. నాన్నగారికి చేయగలిగింది చాలా ఉంది. మీ ఫిజీషియన్ గారు సరైన సమయంలో పంపారు.

యూరాలజిస్టు సంగతి తొందరగా చెప్పేస్తాను. మూత్రం వెళ్లే దారిలో వచ్చే జబ్బులకు, ఆపరేషన్ అవసరమయ్యే వాటికి ఆయన డాక్టరు. రాళ్లు, ప్రోస్టేట్ పెరగడం, నాళంలో అడ్డు, కిడ్నీలో గడ్డ లాంటివి ఆయన చూస్తారు. కిడ్నీ లోపలి కణజాలం దెబ్బతిని వడపోత తగ్గినా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, రక్తంలో సోడియం, పొటాషియం అదుపు తప్పినా, బీపీ ఎన్ని మందులకూ లొంగకపోయినా అది నెఫ్రాలజిస్టు చూడాల్సింది. మాది మందులతో చేసే వైద్యం. ఇద్దరూ కలిసి చూసే కేసులూ ఉంటాయి. ప్రోస్టేట్ అడ్డుపడి మూత్రం వెనక్కి ఎగదన్ని కిడ్నీ చెడిపోతుంటే ముందు ఆ అడ్డు తీయించాలి, తర్వాత మిగిలిన కిడ్నీ శక్తిని మేం కాపాడాలి. నాన్నగారి స్కానింగ్‌లో అడ్డేమీ లేదన్నారు కాబట్టి నేరుగా నెఫ్రాలజిస్టు దగ్గరికే వెళ్లండి.

ఇక "మూత్రం బాగానే వస్తోంది కదా" అన్న మాట. ఈ మాట వినని రోజు నాకు లేదు. ఎక్కువమందిని ఆలస్యం చేయించేది కూడా ఈ ధైర్యమే. ఆరోగ్యంగా ఉన్న రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో 99 శాతం తిరిగి రక్తంలోకే వెళ్లిపోతుంది, మిగిలిన ఒకటిన్నర, రెండు లీటర్లే మూత్రంగా బయటికి వస్తుంది. వడపోత 40కి పడిపోయినా రోజుకు 57 లీటర్ల పైనే వడపోస్తున్నట్టు. అందులోంచి ఒకటిన్నర లీటరు మూత్రం రావడానికి ఇబ్బందేముంటుంది? జబ్బు చివరి దశకు చేరినవాళ్లలో కూడా చాలామందికి మూత్రం వస్తూనే ఉంటుంది. ఎంత వస్తోందన్నది ఒక విషయం, అందులో మలినాలు ఎన్ని బయటికి పోతున్నాయన్నది ఇంకో విషయం. కాకపోతే చిక్కగా చేసే శక్తి తగ్గుతుంది కాబట్టి రాత్రిపూట ఒకటికి రెండుసార్లు లేవాల్సి రావచ్చు. దాన్ని వయసు మీద తోసేస్తుంటారు. నాన్నగారిని అడిగి చూడండి.

నొప్పి కూడా అంతే. కిడ్నీ కణజాలం మెల్లగా పాడవుతుంటే నొప్పి తెలియదు. రాయి కదిలినప్పుడో, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో నొప్పి వస్తుంది. నడుము నొప్పి వస్తే కిడ్నీ పోయిందని భయపడేవాళ్లలో ఎక్కువమందికి అది కండరాల నొప్పే. నిజంగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ నొప్పీ ఉండదు. ప్రపంచంలో సుమారు 85 కోట్ల మందికి ఏదో ఒక కిడ్నీ జబ్బు ఉందని అంచనా. వాళ్లలో అత్యధికులకు ఆ సంగతి తెలియదు.

అయితే లోపల ఏం జరుగుతోంది? ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల చుట్ట ఒకటి ఉంటుంది, దాన్ని గ్లోమెరులస్ అంటారు. అది జల్లెడ లాంటిది: నీటిని, లవణాలను, మలినాలను వదులుతుంది, ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్‌ను, రక్తకణాలను ఆపుతుంది. పుట్టాక కొత్త నెఫ్రాన్లు తయారవవు. షుగర్ వల్లో, బీపీ వల్లో, ఇంకే జబ్బు వల్లో కొన్ని పోతే మిగిలినవి వాటి వంతు పని కూడా తలకెత్తుకుంటాయి. అందుకే మొదట్లో ఏమీ తెలియదు. కానీ అలా ఎక్కువ పని చేయడానికి వాటి లోపల ఒత్తిడి పెరగాలి. ఆ ఒత్తిడికే అవి కూడా ఒక్కొక్కటిగా చితికిపోయి మచ్చకట్టిపోతాయి. మిగిలినవాటి మీద భారం ఇంకా పెరుగుతుంది. అంటే ఒక హద్దు దాటాక, మొదట దెబ్బకొట్టిన కారణం తగ్గిపోయినా జబ్బు తనంతట తానే ముందుకు పోతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మేం ఇచ్చే మందుల్లో సగం ఎందుకో అర్థమవుతుంది. అవి ఆ లోపలి ఒత్తిడిని తగ్గించే మందులు.

క్రియాటినిన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం అది. కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది కాబట్టి రక్తంలో పెరిగితే వడపోత తగ్గిందని ఊహిస్తాం. కండ ఎంత ఉందన్న దాన్నిబట్టి ఇది మారుతుంది. 25 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.2 అంటే వడపోత 85 పైనే ఉండొచ్చు. అదే 1.2 ఒక 70 ఏళ్ల స్త్రీకి వస్తే వడపోత 50 లోపే. ల్యాబ్ కాగితం మీద ఇద్దరికీ "నార్మల్" అనో, "కొంచెం ఎక్కువ" అనో ఒకే మాట ఉంటుంది. అందుకే ఇప్పుడు వయసు, ఆడా మగా అన్నవి కలిపి లెక్కకట్టే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె చూస్తాం. చాలా ల్యాబులు దాన్ని రిపోర్టులోనే వేస్తున్నాయి. బాగా బక్కచిక్కినవాళ్లకు, బాగా కండ పెంచినవాళ్లకు అది కూడా తప్పుదారి పట్టించవచ్చు. అలాంటప్పుడు సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష చేయిస్తాం.

ఇంకో మెలిక ఉంది. క్రియాటినిన్ 0.8 నుంచి 1.6కి పెరిగితే "ఒక్క పాయింటు కూడా పెరగలేదుగా" అనుకుంటారు. కానీ ఆ కాస్త పెరుగుదలలోనే వడపోత సగానికి పైగా పోయింది. 5 నుంచి 6కి పెరిగితే ఇల్లంతా కంగారుపడతారు, అప్పుడు పోయేది మాత్రం వడపోతలో రెండు మూడు పాయింట్లే. ఎక్కువ నష్టం జరిగేది, దాన్ని ఆపే అవకాశం ఉండేది మొదటి చిన్న అంకెల్లోనే. ఈ సంగతి షుగర్, బీపీ ఉన్న ప్రతి మనిషికీ తెలియాలని నా కోరిక.

నాన్నగారికి రక్తపరీక్ష ఒక్కటే చేశారని రాశారు. అది సగం పరీక్షే. రెండో సగం మూత్రంలో ఉంది. ఆల్బుమిన్ క్రియాటినిన్ రేషియో అని, ఏసీఆర్ అంటారు. పొద్దున లేచాక పోసిన మూత్రం కొంచెం ఇస్తే చాలు. 30 లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే జల్లెడ కారడం మొదలైందని, 300 దాటితే గట్టిగా కారుతోందని అర్థం. వడపోత 40 ఉండి ఏసీఆర్ 20 ఉన్న మనిషి చాలా ఏళ్లు అక్కడే నిలబడిపోవచ్చు. అదే 40తో ఏసీఆర్ 1,500 ఉంటే ఆయన వేగంగా దిగిపోతున్నట్టు. ఒకే క్రియాటినిన్, రెండు వేరు వేరు భవిష్యత్తులు. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి ఈ పరీక్ష చేయాలని ఎప్పటి నుంచో అందరూ చెబుతున్నదే, అయినా చేయించేవాళ్లు తక్కువ. క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే ఇది పట్టిస్తుంది. మీరు నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లేలోపే ఇది చేయించుకోండి.

మూత్రంలో ప్రొటీన్ పోవడానికీ కిడ్నీ జబ్బుకూ సంబంధం ఉందని గుర్తించడంతోనే ఒక రకంగా మా శాఖకు పునాది పడింది. లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు ఒళ్లు వాచి చనిపోయినవాళ్ల కిడ్నీలను పరీక్షించి, బతికుండగా వాళ్ల మూత్రం వేడి చేస్తే గడ్డకట్టిన సంగతిని దానితో కలిపి 1827లో ప్రచురించాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా కిడ్నీ జబ్బులన్నిటినీ కలిపి బ్రైట్స్ డిసీజ్ అనేవారు. అది ఒక్క జబ్బు కాదని, ఎన్నో జబ్బులని విడదీసి చూడగలిగింది బయాప్సీ వచ్చాకే. సూదితో కిడ్నీ ముక్క తీసి చూసే పద్ధతిని 1951లో డెన్మార్క్‌కు చెందిన ఇవర్సెన్, బ్రున్ ప్రచురించారు. 1960లో ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ ఏర్పడింది. అంటే ప్రత్యేక శాఖగా మాది చిన్న వయసే.

మొదటిసారి వెళ్లినప్పుడు నెఫ్రాలజిస్టు ఏం చేస్తారో చెబుతాను. ముందు తేల్చుకోవాల్సింది, ఇది కొత్తగా వచ్చిందా, పాతదా అన్నది. అందుకు పాత రిపోర్టులు బంగారం. రెండేళ్ల కిందట క్రియాటినిన్ 1.7 ఉంటే ఇది మెల్లగా నడిచే జబ్బు. మూడు నెలల కిందట 1.0 ఉంటే కథ వేరు, వారాల్లో కాదు, రోజుల్లో చూడాల్సిన విషయం. మూడు నెలలకు మించి ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. అందుకే ఒక్క రిపోర్టు చూసి ఆ ముద్ర వేయకూడదు. వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గడం, ఏదైనా మందు పడకపోవడం వల్ల తాత్కాలికంగా పెరిగి దిగిపోయిన కేసులు ఎన్నో. మళ్లీ పరీక్ష చేయిస్తారు, అది మీ మీద అనవసరపు ఖర్చు మోపడం అనుకోవద్దు.

రెండోది కారణం. షుగర్ ఉంది కాబట్టి షుగర్ వల్లే అనేయడం తేలిక. షుగర్ ఉన్న మనిషికి వేరే కిడ్నీ జబ్బు రాకూడదని ఏమీ లేదు. అందుకని కంటి పరీక్ష రిపోర్టు అడుగుతాం. కంటి వెనక రెటీనాలో షుగర్ తెచ్చే మార్పులు ఉంటే కిడ్నీలో కూడా అదే జరిగి ఉండవచ్చు. రెటీనా శుభ్రంగా ఉండి మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతుంటే, లేదా మూత్రంలో రక్తకణాలు కనిపిస్తే, లేదా ప్రొటీన్ ఉన్నట్టుండి పెరిగితే అనుమానించాలి. మూత్రాన్ని మైక్రోస్కోపు కింద చూస్తాం. స్కానింగ్‌లో కిడ్నీల సైజు చూస్తాం. మామూలుగా 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటాయి, దీర్ఘకాలిక జబ్బులో కుంచించుకుపోతాయి. షుగర్ వల్ల వచ్చిన జబ్బులో మాత్రం చాలాకాలం సైజు తగ్గకుండా ఉండవచ్చు. అందుకే "స్కానింగ్ నార్మల్" అన్న మాటతో నిశ్చింతగా ఉండలేం.

కారణం తేలకపోతే బయాప్సీ. ఈ పేరు వినగానే క్యాన్సర్ అనుకుని బెదిరిపోతారు. కిడ్నీ బయాప్సీ ఎక్కువగా చేసేది క్యాన్సర్ కోసం కాదు, వడపోత భాగంలో ఏ రకం జబ్బుందో చూడడానికి. వీపు దగ్గర మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి సూదితో దారమంత ముక్క తీస్తారు. ముఖ్యమైన ప్రమాదం రక్తస్రావం. చాలామందికి అది దానంతట అదే ఆగిపోతుంది, కొద్దిమందికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు. అందుకే ముందు బీపీ అదుపులో ఉందా, రక్తం గడ్డకడుతోందా చూసి, రక్తం పలచబడే మందులు ఆపించి చేస్తారు. ఆ ముక్క చెప్పే విషయం మరే పరీక్షా చెప్పలేదు. ఐజీఏ నెఫ్రోపతీ, మెంబ్రేనస్, లూపస్ వల్ల వచ్చే నెఫ్రైటిస్ అన్నీ పైకి "ప్రొటీన్ పోవడం" లాగే కనిపిస్తాయి. వైద్యం మాత్రం దేనికదే వేరు. కొన్ని స్టెరాయిడ్లకు లొంగుతాయి, కొన్నిటికి రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ లాంటి మందులు, కొన్నిటికి అసలు అలాంటివేవీ ఇవ్వకూడదు. మెంబ్రేనస్ జబ్బులో పీఎల్‌ఏ2ఆర్ అనే యాంటీబాడీ పాత్రను 2009లో కనుక్కున్నాక, కొందరికి రక్తపరీక్షతోనే నిర్ధారణ అవుతోంది. నాన్నగారికి బయాప్సీ అవసరం పడకపోవచ్చు. ఒకవేళ డాక్టరు గారు అడిగితే మాత్రం భయంతో వాయిదా వేయకండి.

మందుల విషయానికి వస్తే, ఈ శాఖలో నేను పని మొదలుపెట్టిన కాలానికీ ఇప్పటికీ పోలిక లేదు. అప్పుడు మా చేతిలో ఉన్నవి ముఖ్యంగా రెండు రకాల బీపీ మందులు. ఒకటి క్యాప్టోప్రిల్ లాంటి ఏసీఈ ఇన్హిబిటర్లు, వాటి మేలు 1993లో రుజువైంది. రెండోది లోసార్టాన్, ఇర్బిసార్టాన్ లాంటి ఏఆర్‌బీలు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలను అవి కాపాడతాయని 2001లో తేలింది. ఈ రెండు రకాల్లో ఏదో ఒకటే ఇస్తాం, కలిపి ఇవ్వం. ఆ తర్వాత చాలాకాలం కొత్తది రాలేదు. 2019లో కెనాగ్లిఫ్లోజిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్, తర్వాత ఎంపాగ్లిఫ్లోజిన్ పెద్ద పరీక్షల్లో కిడ్నీ జబ్బు ముందుకు పోకుండా బాగా అడ్డుకున్నాయి. ఇవి షుగర్ మందులుగా పుట్టినా, చివరి రెండూ షుగర్ లేనివాళ్లకు కూడా పనిచేశాయి. షుగర్ వల్ల కిడ్నీ చెడినవాళ్లకు ఫినెరినోన్, సెమాగ్లూటైడ్ కూడా ఉపయోగపడతాయని ఈ మధ్య తేలింది. నాన్నగారికి ఏవి సరిపోతాయన్నది ఆయన్ను చూసిన డాక్టరే చెప్పాలి. కానీ "నా తండ్రికి ఏఆర్‌బీ, గ్లిఫ్లోజిన్ రకం మందు ఇవ్వవచ్చా?" అని మీరు అడగడంలో తప్పేం లేదు. నిజానికి అడగాలి.

ఇక్కడొక హెచ్చరిక. ఈ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. నెఫ్రాన్ లోపల ఒత్తిడి తగ్గినందువల్ల వచ్చే పెరుగుదల అది, మందు పనిచేస్తోందనడానికి గుర్తు. ఏసీఈ ఇన్హిబిటర్, ఏఆర్‌బీల విషయంలో 30 శాతం లోపు పెరుగుదలను ఒప్పుకుంటాం. అది చూసి "కిడ్నీ మందే కిడ్నీని పాడుచేసింది" అని ఇంట్లోనే ఆపేసేవాళ్లను చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయొద్దు. మొదలుపెట్టాక రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించుకుని ఆ రిపోర్టుతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాంతులు, విరేచనాలతో నీరసపడిన రోజుల్లో మాత్రం ఈ మందుల్లో కొన్నిటిని తాత్కాలికంగా ఆపాలి. ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మొదటి విజిట్‌లోనే రాయించుకోండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట తప్పక చెప్పండి. వడపోత 45 కిందికి దిగితే డోసు తగ్గిస్తారు, 30 కిందికి దిగితే ఆపేస్తారు.

బీపీని మామూలుగా 130/80 కన్నా తక్కువకు తెస్తాం, తట్టుకోగలిగినవాళ్లకు ఇంకా తగ్గిస్తాం. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలి. ఉప్పు బదులు వాడే "తక్కువ సోడియం" ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టరును అడగకుండా వాడకండి. ప్రొటీన్ ఈ దశలో కిలో బరువుకు 0.8 గ్రాము చొప్పున సరిపోతుంది. భయపడి పూర్తిగా మానేస్తే కండ కరిగిపోయి నీరసపడతారు. నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీలు బాగుపడతాయన్న నమ్మకం ఒకటి ఉంది. రాళ్లు ఉన్నవాళ్లకు అది నిజమే. ఈ రకం జబ్బులో మాత్రం దాహాన్ని బట్టి తాగితే చాలు, బలవంతంగా లీటర్లకు లీటర్లు తాగడం వల్ల వడపోత నిలబడినట్టు రుజువు లేదు.

నొప్పి మాత్రల గురించి గట్టిగానే చెబుతాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. వడపోత 40 ఉన్న మనిషి ఏఆర్‌బీ, నీరు పోయే మాత్ర వాడుతూ వాటికి తోడు వారం రోజులు నొప్పి మాత్ర వేసుకుంటే ఉన్న వడపోత ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. జ్వరానికో నొప్పికో పారాసెటమాల్ వాడుకోవచ్చు. అలాగే క్రియాటినిన్ దించుతామని, కిడ్నీ శుభ్రం చేస్తామని అమ్మే, ఏమున్నాయో తెలియని పొడులు, కషాయాల జోలికి పోవద్దు. మొక్క నుంచి వచ్చిందే కదా అనుకోకండి. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి వాడిన మూలికల మందులో అరిస్టోలోకియా కలిసి ఎంతోమంది కిడ్నీలు శాశ్వతంగా పోయాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. భయంలో ఉన్న కుటుంబానికి ఇలాంటివి అమ్మడం చాలా తేలిక. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కిడ్నీ జబ్బు కిడ్నీతో ఆగదు. రక్తం తయారు చేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోను కిడ్నీలోనే తయారవుతుంది, విటమిన్ డి చివరి రూపం సంతరించుకునేది కూడా అక్కడే. అందుకే జబ్బు ముదిరేకొద్దీ రక్తం తగ్గడం, ఎముకలు బలహీనపడడం, రక్తంలో ఆమ్లం పెరగడం కనిపిస్తాయి. వీటన్నిటినీ సరిచేయడం మా పనే. అన్నిటికంటే ముఖ్యం గుండె. నాన్నగారి దశలో ఉన్నవాళ్లకు డయాలసిస్ కన్నా గుండెపోటు, పక్షవాతం ముప్పే ఎక్కువ. కొలెస్ట్రాల్ మాత్ర, పొగ మానడం, బీపీ ఇవన్నీ అందుకే. హెపటైటిస్ బి టీకా కూడా ఇప్పుడే వేయించండి, జబ్బు ముదిరాక అది సరిగ్గా పట్టదు.

డయాలసిస్ మాట ఎత్తారు కాబట్టి దాన్నీ దాటవేయను. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టాలను డ్రమ్ముకు చుట్టి తొలి యంత్రం తయారు చేశాడు. మొదట్లో రోగులు బతకలేదు, 1945లో ఒక స్త్రీ కోలుకుంది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా గొట్టం అమర్చే పద్ధతి తేవడంతో దీర్ఘకాలం డయాలసిస్ మీద బతకడం వీలైంది. ఇప్పుడు హీమోడయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. కడుపులోని పొర ద్వారా ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఇంకోటి. ఏ తేదీన మొదలుపెట్టాలన్నది ఒక్క అంకెతో తేలదు. ఆకలి పోవడం, వాంతులు, ఆయాసం, మందులకు లొంగని పొటాషియం ఇవి చూసి నిర్ణయిస్తాం. లక్షణాలు లేకుండా ముందే మొదలుపెట్టినందువల్ల ఆయుష్షు పెరగలేదని 2010లో వచ్చిన పరీక్షలో తేలింది.

వడపోత 20 దగ్గరికి వచ్చినప్పుడే ఈ చర్చ మొదలవ్వాలి. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్ట్యులా వేస్తే అది పక్వానికి రావడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. వద్దు వద్దని చివరిదాకా లాగితే అప్పటికప్పుడు మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది, దానితో ఇన్ఫెక్షన్ ముప్పు చాలా ఎక్కువ. అందుకే వడపోత తగ్గుతున్నవాళ్ల ఎడమచేతి నరాలను, ఎడమచేతివాటం వాళ్లకైతే కుడిచేతివి, ముందు నుంచే కాపాడుకోవాలి. రక్తం తీయడానికి, సెలైన్ పెట్టడానికి అరచేతి వెనకవైపు నరం ఇవ్వండి.

కిడ్నీ మార్పిడి సరిపడేవాళ్లకు డయాలసిస్ కన్నా అదే మేలు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే కవల సోదరుల మధ్య చేసిన మార్పిడి మొదటి విజయం, 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. దాత దొరికితే డయాలసిస్ మొదలవకముందే చేయించుకోవచ్చు. బాగా వయసు మీరి, ఎన్నో జబ్బులతో ఉన్నవాళ్లు డయాలసిస్ వద్దనుకుని లక్షణాలకు మాత్రమే వైద్యం తీసుకోవడం కూడా గౌరవించాల్సిన దారే. ఇవన్నీ నాన్నగారికి ఇప్పుడు అక్కర్లేదు. చాలామందికి ఎప్పటికీ అక్కర్లేకపోవచ్చు.

వెళ్లేటప్పుడు పాత రక్తపరీక్షలన్నీ, ఎంత పాతవైనా సరే, తేదీల వరుసలో పెట్టుకుని తీసుకెళ్లండి. వేసుకుంటున్న మందుల స్ట్రిప్పులు, దుకాణంలో అడిగి కొనుక్కున్నవి కూడా, తీసుకెళ్లండి. వారం రోజులు పొద్దునా సాయంత్రం ఇంట్లో చూసిన బీపీ రాసిపెట్టండి. కంటి రిపోర్టు, స్కానింగ్ రిపోర్టు, ఏసీఆర్ ఉండాలి. క్రియాటినిన్ ఈమధ్యే వేగంగా పెరిగినట్టు పాత రిపోర్టుల్లో కనిపించకపోతే, అపాయింట్‌మెంట్ రెండు మూడు వారాల తర్వాత దొరికినా పరవాలేదు. కానీ ఈలోగా మూత్రం బాగా తగ్గిపోయినా, ఎర్రగా వచ్చినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్లూ ముఖం వాచినా, కండరాలు విపరీతంగా బలహీనపడినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా, మత్తుగా, అయోమయంగా ఉన్నా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఏసీఆర్ రిపోర్టు, ఏడాది కిందటి క్రియాటినిన్ దొరికితే ఆ రెండు అంకెలు, నాన్నగారు వేసుకునే బీపీ మాత్ర పేరు రాయండి. డాక్టరు గారిని ఇంకా ఏమేం అడగాలో అప్పుడు వివరంగా చెబుతాను.